వేలిముద్ర లేని అర్జీ

1956 ఎండాకాలం. బోధన్ తహసీలు కచేరీ ముందు అర్జీలు రాసే అయ్యూబ్ సాబ్ బల్ల దగ్గర పెద్దమడి గూడెం కౌలుదారులు పదకొండు మంది వరసగా నిలబడ్డారు. వాళ్లను తోలుకొచ్చిన ముకుందరావు దొర గుమాస్తా బల్ల చివర కూర్చుని, పెళ్లికొచ్చిన చుట్టాలను పలకరించినట్టు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు.

"దేవన్నా, రా. ఏలు వెట్టు."

దేవన్న ముందుకొచ్చి చేతిని ధోవతికి తుడుచుకున్నాడు. "ఏం రాసిన్రు సాబ్ గిండ్ల?"

అయ్యూబ్ సాబ్ తలెత్తలేదు. గుమాస్తానే అందుకున్నాడు. "చెరుకు ఇత్తనానికి దరఖాస్తురా. దొర మనసు వెట్టి మీకు ఇప్పిస్తుండు. ఎండల ఎంతసేపు నిలవడ్తవ్, వెట్టు."

దేవన్న వేలు ముందుకు రాకపోతే అయ్యూబ్ సాబ్ దాన్ని పట్టుకుని కాగితం మీద ఒత్తాడు.

ఆయన వెనక నిలబడ్డ కొడుకు ఇనాయత్ ఇదంతా చూశాడు. హైదరాబాద్‌లో వకాలత్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చినవాడు. తండ్రి చేతిరాత అతనికి తన అరచేతి గీతలంత బాగా తెలుసు. ఆ ఉర్దూ కాగితం మీద విత్తనం మాటే లేదు. 'నా రాజీఖుషీతో కౌలు హక్కు వదులుకుంటున్నాను' అని ఉంది. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే నేల, మూడు తరాలు దున్నిన నేల, ఆ ఒక్క వాక్యంతో చేయి జారిపోతోంది.

ఇనాయత్ నోరు తెరవలేదు. కన్నతండ్రి, నలుగురిలో, బజారు మధ్య. ఇంటికెళ్లాక అడుగుదామనుకున్నాడు. ఇంటికెళ్లాక అన్నం తిన్నాడు.

మర్నాడు దేవన్న గంపెడు మామిడికాయలు నెత్తిన పెట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వచ్చాడు. "మీ కలం సల్లగుండ సాబ్. ఇత్తనమొస్తే ఈ యాడాది మా బతుకు మారుతది." వెంట కొడుకు పోశయ్య, కొత్తగా పెళ్లయిన కోడలు నర్సవ్వ. ఇంట్లో ఎవరికీ ఆ కాయలు కోయబుద్ధి కాలేదు. గంపలోనే మెత్తబడి వాసనొచ్చాక పారబోశారు.

తొలకరికి దొర నాగళ్లు ఆ పొలాల్లో దిగాయి. దేవన్న పరుగెత్తుకుంటూ వచ్చి కాగితం చూపించమన్నాడు. "నీ ఏలే గదా దేవన్నా," అన్నాడు అయ్యూబ్ సాబ్, ఇంకో అర్జీ రాస్తూ. రెండేళ్లకు ఆ పొలంలోనే కూలికి చెరుకు కొడుతూ దేవన్న చచ్చిపోయాడు.

ఇనాయత్ వకీలయ్యాడు. నిజామాబాద్‌లో ఖిల్లా పక్క సందులో ఒక గది, రెండు కుర్చీలు, ఒక నల్లకోటు. పెద్ద కేసులు రాలేదు, ఆయన వెతకలేదు. చెరుకు కొట్టేవాళ్లు, ఠాణాలో దెబ్బలు తిన్నవాళ్లు, జీతానికి కట్టేసిన వాళ్లు వచ్చేవారు. తోటి వకీళ్లు ఆయనను 'గూడెం వకీల్' అని నవ్వేవారు. మిగతా సమయమంతా తాలూకా దఫ్తర్లలో దుమ్ము పీలుస్తూ, కౌలు హక్కు వదులుకున్నట్టు రాయించిన పాత రాజీనామాలు చేత్తో నకలు తీశాడు. పద్నాలుగేళ్లలో నాలుగు వందల పన్నెండు. వాటిని పుస్తకంగా వేశాడు. హైదరాబాద్ నుంచి పండితులొచ్చి ఇంత పరిశోధన ఎవరూ చెయ్యలేదని పొగిడారు. ముందుమాటలో ఆయన రాసుకున్నది ఒకటే వాక్యం: 'ఇందులో చాలా కాగితాలు మా ఇంటివాళ్లు రాసినవి.'

ఆ పుస్తకం పట్టుకునే పెద్దమడికి పోయాడు. ఊరి బయట గూడెం, ఎండు చెరుకాకు కప్పిన గుడిసెలు. మిల్లులొచ్చాక మూలపడ్డ బెల్లం గానుగ ఒకటి ఉంది. ఆ గానుగ దిబ్బ మీద జనం కూర్చున్నారు. దేవన్న కొడుకు పోశయ్య ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డ మనిషి. ఇనాయత్ పదకొండు రాజీనామాలూ తెలుగులో చదివి వినిపించాడు. వినిపించి, ఆ రోజు తాను అక్కడే నిలబడి ఉన్నానని కూడా చెప్పాడు.

పోశయ్య చాలాసేపు నేల గీకాడు. "అప్పుడు నోరిప్పలే. గిప్పుడు ఇప్పుతవా సాబ్?"

"ఇప్పుత."

"అయితే కూసో. ఏం జేద్దమో జెప్పు."

అట్లా మొదలైంది సంఘం. పదకొండు కుటుంబాలూ ఆ రాజీనామాలు చెల్లవని దావా వేశాయి. ఆ దిబ్బ మీదే ఇనాయత్ వాళ్లకు ఒక కట్టుబాటు నేర్పాడు. ఎవరు ఏ కాగితం తెచ్చినా వేలు పెట్టొద్దు. ఇనాయత్ గానీ, రెంజల్ చర్చి బడిలో పాఠాలు చెప్పే పేతురు గానీ దాన్ని మూడుసార్లు చదవాలి. గూడెమంతా 'విన్నం' అనాలి. అప్పుడే వేలు.

దొర ఊరుకోలేదు. ఒకసారి ఒకణ్ని, ఇంకోసారి ఇంకొకణ్ని పంపించాడు. ఇద్దరూ ఒకటే మాట: "వకీల్ సాబ్ పంపిండు, ఏలు వెట్టుండ్రి." గూడెం ఇద్దరినీ కాలువ దాకా తరిమింది. వచ్చి చెబితే ఇనాయత్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. "షాబాష్! నేనే వచ్చినా చదవందే పెట్టకుండ్రి," అన్నాడు.

దావా గెలిచే దారిలో పడేసరికి, 1974 జనవరిలో దొర తోటలో ఒక మూల కాలింది. కాల్చింది దొర మనుషులేనని ఊళ్లో మేకలకు కూడా తెలుసు. కేసు మాత్రం సంఘంలో ఏడుగురి మీద పడింది. అందులో పేతురు ఒకడు. పోశయ్య పేరు అందులో లేదు. ఎందుకు లేదో ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెలిసింది. చెరుకు కొడుతున్న పోశయ్యను కొడుతున్న చోటే పోలీసులు జీపెక్కించుకుని పోయారు. వందమంది చూశారు. నర్సవ్వ ఠాణాకు పోతే, "మేమెవల్ని తేలే, నీ మొగడు ఎవతెతోని పోయిండో సూసుకో," అన్నారు.

మంగళవారం ఏడుగురి వాయిదా. నిజామాబాద్ కోర్టుకొచ్చిన పేతురు చెబితేగానీ ఇనాయత్‌కు విషయం తెలియలేదు.

"మూడు దినాలాయె సాబ్. లోపట అరుపు ఇనవడ్డదని ఠాణా పక్క చాయ్ హోటలాయన జెప్పిండు."

ఇనాయత్ కోర్టు మెట్ల మీదే కూర్చుని అర్జీ రాశాడు. ఠాణా సోదా చేయించి మనిషిని హాజరు పరచాలని, బోధన్ మెజిస్ట్రేటుకు, నర్సవ్వ పేరున. ప్రమాణపత్రానికి స్టాంపు కాగితం కొన్నాడు. అమ్మినవాడు దాని వెనకవైపు ఆ రోజు తారీఖు వేసి, 'పోశయ్య భార్య నర్సవ్వ' అని రాసి సంతకం చేశాడు. పెళ్లాం వేలు లేకుంటే మెజిస్ట్రేటు ఒప్పుకోడు. ఇదివరకు రెండు అర్జీలు 'నీకేం సంబంధం' అని విసిరికొట్టాడు. ఇనాయత్ కదిలితే ఏడుగురి జామీను రద్దవుతుంది. పేతురు ముద్దాయి, కోర్టు వదిలి పోరాదు. అందుకని నెల కింద చేరిన గుమాస్తా వెంకటిని బస్సెక్కించాడు. నమ్మకానికి పేతురు స్వయంగా చీటీ రాసిచ్చాడు: 'ఈయన మనోడే, వేలు పెట్టండి.'

చీటీ చదివే ఇద్దరూ నిజామాబాద్ కోర్టు మెట్ల మీదే ఉన్నారన్న సంగతి ఆ ఇద్దరికీ తట్టలేదు.

పెద్దమడిలో ఏం జరిగిందో తరువాత అందరూ చెప్పారు. ఇనాయత్ దాన్ని కళ్లతో చూసినవాడికంటే ఎక్కువగా ఎరుగును. మధ్యాహ్నం వెంకటి గూడెంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి.

"నర్సవ్వ అంటే ఎవరు? వకీల్ సాబ్ పంపిండు. గీడ ఏలు వెట్టాలె, జల్ది."

దిబ్బ మీది జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముసలి కాశయ్య పగలబడి నవ్వాడు. "మూడోటోడొచ్చిండ్రో! దొరకు ఇంక వేరే మాట దొరకలేదా?"

"దొర గాదు పెద్దమనిషీ, ఇనాయత్ సాబ్! గిదో, పేతురు చీటి."

"ఏదీ, సదువు."

వెంకటి చదివాడు.

"మంచిగ సదివినవ్. నువ్వు రాస్కొచ్చింది నువ్వు సదవకపోతే ఎవలు సదువుతరు?" అంది చంద్రవ్వ. గూడెమంతా ఘొల్లుమంది.

వెంకటి నర్సవ్వ వైపు తిరిగాడు. "అక్కా, నీ పెనిమిటి పానం పోతది. నీ కాళ్లు మొక్కుత, వెట్టు."

ఆ మాటకు నర్సవ్వ లేచి నిలబడింది. మూడు రోజులుగా అన్నం లేని మనిషి. "మా మామ గిట్లనే వెట్టిండు. గాయనకు గూడ మంచిదే అని జెప్పిండ్రు. నా మొగని పేరు జెప్పి నా ఏలు దోస్కపోదామని వచ్చినవా? వకీల్ సాబ్ రానీ, సదవనీ, రెండు చేతుల ఏళ్లన్ని వెడత." కాగితం లాగి అతని మొహాన కొట్టింది. పేడముద్దలు విసురుతూ అతన్ని కాలువ దాకా తరిమారు. తిరిగొచ్చి, "వకీల్ సాబ్‌కు జెప్పాలె, మనం మల్ల మోసపోలేదని," అనుకున్నారు.

వెంకటి దీపాలు పెట్టేవేళకు పేడ మరకల చొక్కాతో గది ముందు నిలబడ్డాడు. ఇనాయత్ కాగితం తీసుకుని కింద చూశాడు. వేలు పెట్టే చోటు తెల్లగా ఉంది. చివరి బస్సు పోయింది. బుధవారం మొదటి బస్సులో ఆయన పెద్దమడి దిగేసరికి, దొర చెరుకుతోట గట్టున జనం గుమిగూడి ఉన్నారు.

పాము కరిచిందన్నాడు ఠాణా జమేదారు. మనిషి పరారీలో ఉండి తోటలో దాక్కున్నాడట.

నర్సవ్వ పోశయ్య కాళ్ల దగ్గర కూర్చుని అరికాళ్లు నిమురుతోంది. అవి నల్లగా కమిలి, పగిలి, రొట్టెల్లా ఉబ్బి ఉన్నాయి. "రెండు అరికాళ్లను ఒక్కతీరుగ కరిసే పామును నేను సూడలే," అంది, ఎవరితోనో కాదు, ఆ కాళ్లతోనే. ఇనాయత్‌ను చూసి లేచింది. "సాబ్, నిన్న దొర మల్లొకణ్ని తోలిండు. నేను ఏలు వెట్టలే. నువ్వు జెప్పినట్టే జేసిన."

ఇనాయత్‌ 1956లో లాగే నిలబడిపోయాడు.

గూడెం శవాన్ని కచేరీ ముందు పెట్టి రెండు రోజులు కదలనివ్వలేదు. చెరుకు కొట్టేవాళ్లు కత్తులు కింద పెట్టారు. నింపిన బండ్లు రెంజల్ తోవ పొడుగునా ఆగిపోయాయి, చెరుకు ఎండడం మొదలైంది. అప్పుడు సర్కారు దిగొచ్చి విచారణ వేసింది.

జీపెక్కించడం వందమంది చూశారు. కానీ వాళ్లంతా సంఘం మనుషులు, చచ్చాక కట్టిన కథ అంటారు. చావుకు ముందు రోజు తారీఖుతో, మనిషి ఠాణాలో ఉన్నాడని చెప్పే కాగితం లోకంలో ఒక్కటే ఉంది. అది ఇనాయత్ సంచిలో ఉంది. దాన్ని బయటపెడితే నర్సవ్వకు తెలిసిపోతుంది, ఆమె మొహాన కొట్టింది దేన్నో.

మూడు రోజులు ఆయన ఆ సంచి విప్పలేదు. నాలుగో పొద్దున భార్య ఖైరున్నిసా రొట్టె ముందు పెట్టి అడిగింది. "ఆమె కోసమే దాస్తున్నారా? మీ కోసం కాదూ?"

"తెలిస్తే ఆమె బతకదు ఖైరూ."

"మీ అబ్బాజాన్ కూడా దేవన్నకు కాగితంలో ఏముందో చెప్పలేదు," అంది ఆమె. రొట్టె చల్లారిపోయింది.

ఆ సాయంత్రం ఎండ ఉండగానే ఆయన గానుగ దిబ్బ మీద నిలబడ్డాడు. పక్కన పేతురు, వెంకటి. వెంకటిని చూడగానే జనంలో కలకలం లేచింది. "వీడు దొర మనిషి!" అన్నాడు కాశయ్య.

"కాదు. నా మనిషి," అన్నాడు ఇనాయత్. "కాగితం నాది. మన కట్టుబాటు ప్రకారం సదువుత. ఇనుండ్రి."

ఒకసారి చదివాడు. జనానికి అర్థం కాలేదు. రెండోసారి చదువుతుంటే చంద్రవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాశయ్య నేల మీద కూలబడ్డాడు. మూడోసారి గొంతు సగంలో ఆగితే పేతురు అందుకుని చివరిదాకా చదివాడు. 'విన్నం' అని ఎవరూ అనలేదు.

నర్సవ్వ అడిగింది. "మంగళారం నేను ఏలు వెడితే?"

"సాయంత్రానికి మెజిస్ట్రేటు ముందర వెడుతుంటి. ఠాణా తలుపు తీయిస్తుంటి. బతుకుతుండెనో లేదో నాకు తెల్వదు నర్సవ్వా. బతికెటందుకు ఒక తొవ్వ ఉండె."

"నేనే మూసినన్న మాట."

"నువ్వు గాదు. నేను జెప్పిన మాట. సదివేటోళ్లను ఇద్దర్నే వెట్టి, ఇద్దర్నీ ఒక్కనాడే దూరం జేసిన. ఏలు వెట్టకుండ ఆపుడు నేర్పిన, సదువుడు నేర్పలే."

"నేను నవ్విన," అన్నాడు కాశయ్య. "ముందుగల్ల నేనే నవ్విన." చంద్రవ్వ నెత్తి బాదుకుంది. ఒక్కొక్కరూ తాము విసిరింది, తిట్టింది చెప్పుకుని ఏడ్చారు. నర్సవ్వ మాత్రం ఏడవలేదు. ఇనాయత్ దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూసింది.

"మీ బాపు మా మామ ఏలు వట్టుకొని ఒత్తిండు. నువ్వు నా ఏలు ఆపినవ్. మీ ఇంటోళ్లకు మా ఏళ్లతోని ఏం పని సాబ్?"

ఆయన తల వంచుకున్నాడు.

ఆమే మళ్లీ అంది. "నిన్ను మాఫ్ జేస్తనని అనుకోకు. నాకు నేనే జేస్కోలే. ఆ కాయిదం కచేరిల వెట్టు. నేనొచ్చి జెప్త."

విచారణ రోజు బోధన్ కచేరీ ఆవరణలో జనం పట్టలేదు. పెద్దమడే కాదు, రెంజల్ చుట్టుపక్కల చెరుకు ఊళ్లన్నీ వచ్చాయి. మిల్లు కార్మికులొచ్చారు, నిజామాబాద్ కాలేజీ విద్యార్థులు పుస్తకాలతోనే వచ్చారు. అధికారి కిటికీలు మూయించాడు. జనం ఊపిరాడటం లేదని తెరిచారు.

ఇనాయత్ అర్జీని బల్ల మీద పెట్టాడు. సర్కారు వకీలు దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "వేలిముద్ర ఏదీ? పెళ్లామే నమ్మలేదు మొగుడు ఠాణాలో ఉన్నాడని. నమ్మితే పెట్టేది కాదా?"

నర్సవ్వ బల్ల ముందుకు నడిచింది.

"కాయిదం నా తానికి అచ్చింది నిజం. నేను ఏలు వెట్టంది నిజం. దొర తోలిండనుకున్న. మీరు మమ్ముల గన్నిసార్లు మోసం జేసిండ్రు, నిజమైన కాయిదమొస్తే గూడ గుర్తు వట్టరాకుంట జేసిండ్రు. నా మొగణ్ని ఆదివారం జీపుల తోల్కపోయిండ్రు. నేను ఏలు వెట్టకపోతే ఆయన జీపెక్కనట్టా? నేను సదువురానిదాన్ని అయితే గాయన అరికాళ్లు పలగనట్టా? నా తప్పు నేను సచ్చేదాక మోస్త. మీది మీరు మొయ్యిండ్రి."

కచేరీ గుమాస్తా గబగబా రాసి కాగితం ముందుకు తోశాడు. "వేలు పెట్టు."

"సదువు."

గుమాస్తా అధికారి వైపు చూశాడు. "పేతురన్నా, నువ్వు సదువు," అంది ఆమె. ముద్దాయి పేతురు జనంలోంచి వచ్చి కాగితం తీసుకున్నాడు. గట్టిగా, కిటికీ బయటికి వినబడేలా చదివాడు. "...ఆదివారం నుండి నా భర్త కనిపించుట లేదు. అర్జీపై నేను వేలిముద్ర వేయుటకు నిరాకరించితిని..." ఆగాడు. "జీపు మాట లేదక్కా."

"జీపు రాయి!" అని కిటికీలోంచి అరిచాడు కాశయ్య. "జీపు రాయి!" అంది చంద్రవ్వ. ఆవరణంతా అందుకుంది. విద్యార్థులు, మిల్లు కార్మికులు, బజారులో దుకాణాల వాళ్లు. గోడలు అదిరాయి. అధికారి చెయ్యెత్తాడు, బల్ల గుద్దాడు, చివరికి గుమాస్తాతో రాయమన్నాడు. జీపు రాశాడు. అరికాళ్లు రాశాడు. పేతురు మళ్లీ మూడుసార్లు చదివాడు. "విన్నం," అంది జనం. అప్పుడు నర్సవ్వ వేలు పెట్టింది.

ఆమె వెనకే కాశయ్య నిలబడ్డాడు. "నేను గూడ సూసిన జీపును. రాస్కో." అతని వెనక చంద్రవ్వ. అలా వరస గది దాటి, వరండా దాటి, ఆవరణలోకి పాకింది. దొర తోటలో జీతగాళ్లు కూడా తలగుడ్డలు సర్దుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఇనాయత్ నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించాడు. సాక్ష్యం చెప్పేవాడు వకీలుగా ఉండరాదు. ఆయన బయటికెళ్లి వరస చివర నిలబడ్డాడు. ముందున్న ముసలామె పక్కకు జరగబోతే వద్దన్నాడు.

పొద్దు వాలుతుండగా గుమాస్తా కలం కింద పెట్టాడు. అధికారి లేచి నిలబడ్డాడు. "కాగితాలు అయిపోయినై. ఇయ్యాల్టికి చాలు. ఇండ్లకు పోండ్రి."

ఎవరూ కదల్లేదు. బల్ల పక్కన నేల మీద కూర్చున్న నర్సవ్వ తలెత్తింది. "వెంకటీ," అని పిలిచింది. మొదటిసారి అతని పేరు ఆమె నోట వచ్చింది. "బజాట్ల కాయిదాల దుక్నం యాడుందో నీకెరికేనా? ఉర్కు."

వెంకటి పరుగెత్తాడు. కాసేపటికి గేటు దగ్గర తెల్ల కాగితాల కట్ట ఒకటి జనం తలల మీదికి లేచింది. లోపలికి దారి లేదు. చెరుకాకు కోసిన చేతులు, మిల్లు మసి చేతులు, సిరా చేతులు దాన్ని అందుకుని ముందుకు పంపుతున్నాయి. ఇనాయత్ దగ్గరికొచ్చినప్పుడు ఆయన కళ్లు మసకబారి ఏమీ కనబడలేదు. రెండు చేతులతో అందుకుని ముందున్న ముసలామెకు ఇచ్చాడు. ఆమె తన ముందువాడికి. కట్ట వరండా ఎక్కింది, కిటికీలోంచి బల్ల మీద పడింది.

అధికారి నిలబడే ఉన్నాడు. నర్సవ్వ కట్ట తాడు పంటితో తెంపి, పై కాగితం తీసి గుమాస్తా ముందు పెట్టింది.

"కూసో సారూ. ఇంక శానమంది ఉన్నరు."